గ్యాసిఫయర్ రాజేసే బ్లోయర్: వాట్లు చూసి కొనకండి

రెండో ప్రపంచ యుద్ధం నాడు పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు మన రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక గ్యాసిఫయర్ అనే ఇనుప పీపా ఒకటి బిగించి, అందులో బొగ్గు రాజేసి, అందులోంచి వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. బయల్దేరే ముందు క్లీనరు ఆ పీపా పక్కనున్న హ్యాండిల్ పట్టుకుని చెమటలు కారేలా తిప్పేవాడు. ఆ హ్యాండిల్‌కు తగిలించి ఉన్నది ఒక చిన్న గాలి ఫ్యాను. అది తిరగకపోతే బస్సు కదిలేది కాదు.

ఎందుకో చూద్దాం. గ్యాసు పుట్టాలంటే నిప్పుల పొర గుండా గాలి సాగాలి. నడుస్తున్న ఇంజను తన పిస్టన్లతో ఆ గాలిని తానే లాక్కుంటుంది. కానీ ఇంజను నడవాలంటే ముందు గ్యాసు ఉండాలి. ఈ చిక్కుముడిని బయటి నుంచి ఎవరో ఒకరు విప్పాలి. ఆ పని చేసేది స్టార్టింగ్ బ్లోయర్. పది, పదిహేను నిమిషాలు తిరిగి, గ్యాసు నికరంగా మండడం మొదలయ్యాక ఆగిపోతుంది. రోజంతటిలో దాని పని అంతే కనుక దాన్ని ఎంచుకునేటప్పుడు ఎవరూ పెద్దగా లెక్క చూడరు. ఇంట్లో మూలన పడున్న ఫ్యానేదో తగిలిస్తారు, లేదా షాపులో ఎక్కువ వాట్లున్నది పట్టుకొస్తారు. రెండు పద్ధతుల్లోనూ దెబ్బ తినేది ఇంజనే.

పీపాలో బొగ్గుకు బదులు కట్టె వేసి తీసే ఈ కట్టె గ్యాసు మళ్ళీ పాతకాలపు వింతగా మిగిలిపోకూడదని నా కోరిక. మన కోస్తాలో సరుగుడు, సుబాబుల్ తోటలున్నాయి. మెట్ట ప్రాంతాల్లో సర్కారు తుమ్మ కొట్టినకొద్దీ పెరుగుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 1988లో తుమకూరు జిల్లా హోసహళ్ళి అనే చిన్న ఊరికి కట్టె గ్యాసుతో కరెంటు ఇచ్చి చూపించింది. డీజిల్ ఇంజనును గ్యాసుతో కలిపి నడిపితే డీజిల్‌లో మూడొంతుల దాకా మిగులుతుంది. ఇంత మేలున్న పనిలో మొదటి పది నిమిషాలను అశ్రద్ధ చేయడం వల్లనే చాలామందికి విసుగొచ్చి వదిలేస్తున్నారు.

ఆ పది నిమిషాల్లో లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి. వాహనాలకు, చిన్న ఇంజన్లకు ఎక్కువగా వాడేది గ్యాసు కిందికి దిగే రకం. 1920లలో ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ ఇంబెర్ రూపొందించిన నమూనా దీనికి మూలం. పైన కట్టె ముక్కలు, మధ్యలో గాలి వచ్చే గొట్టాలు, వాటి కింద సన్నని మెడ, ఆ మెడ దిగువన ఎర్రగా కాలే బొగ్గు ఉంటాయి. కట్టె వేడెక్కి ముందు తేమ వదులుతుంది, తర్వాత పొగ వదులుతుంది. ఆ పొగలో తారు ఉంటుంది. గాలి గొట్టాల దగ్గర వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పొగ మొత్తం ఆ మంట గుండా, మెడ గుండా, ఎర్రటి బొగ్గు గుండా దిగితే తారు విరిగిపోతుంది. అక్కడ పుట్టిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి రెండూ కాలే బొగ్గుతో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోజన్‌గా మారతాయి. చివరికి చేతికొచ్చే గ్యాసులో దాదాపు 20 శాతం కార్బన్ మోనాక్సైడ్, 15 నుంచి 20 శాతం హైడ్రోజన్, కాస్త మీథేన్ ఉంటాయి. మిగతాదంతా మండని నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్. ఘనమీటరుకు 5 మెగాజౌళ్ళ శక్తి వస్తుంది. మన వంటగ్యాసుతో పోలిస్తే చాలా పలచన. కానీ ఇంజనుకు చాలు.

ఇదంతా నిప్పు వేడిగా ఉంటేనే. గాలి మెల్లగా సాగితే నిప్పు మెత్తబడుతుంది, మెడ దగ్గర వేడి పడిపోతుంది, తారు విరగకుండా గ్యాసుతో పాటే బయటికొస్తుంది. అది ఇంజన్‌లో వాల్వు కాడల మీద చల్లబడి బంకలా గట్టిపడుతుంది. మర్నాడు వాల్వు కదలదు. కొందరు ఇంజనును పెట్రోలుతో స్టార్ట్ చేసి, దాని పీల్పుతోనే గ్యాసిఫయర్ రాజేస్తారు. అలా చేస్తే తొలి నిమిషాల మురికి గ్యాసంతా సూటిగా సిలిండర్లోకే పోతుంది. ఆ మురికిని తన మీద వేసుకుని, దాన్ని బయట కాల్చేసే మంట గొట్టం దారి పట్టించడానికే బ్లోయర్ ఉన్నది.

అయితే ఎంత జోరుగా లాగాలి? దీనికి స్వీడన్ అనుభవం నుంచి జవాబు దొరుకుతుంది. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్, నార్వేలను ఆక్రమించాక స్వీడన్‌కు సముద్రం మీద వచ్చే చమురు దాదాపు ఆగిపోయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ దేశంలో 70,000కు పైగా వాహనాలు కట్టె, బొగ్గు గ్యాసుల మీద నడిచాయి. ఆ అనుభవాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1986లో పుస్తకంగా వేసింది. అందులోని ఒక కొలత ఇప్పటికీ అక్కరకొస్తుంది. మెడ వైశాల్యంలో ప్రతి చదరపు సెంటీమీటరు గుండా గంటకు గరిష్ఠంగా 0.9 ఘనమీటరు గ్యాసు దాకా తీయవచ్చు. కానీ 0.3కు తగ్గితే తారు మొదలవుతుంది. అంటే పూర్తి జోరులో మూడో వంతు కంటే తక్కువగా లాగే బ్లోయర్ ఎంతసేపు తిరిగినా శుభ్రమైన గ్యాసు ఇవ్వదు. గంటసేపు తిప్పుతూ కూర్చున్నా తెల్లపొగే వస్తుంటుంది.

ఒక లీటరు సిలిండరున్న నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుందనుకుందాం. రెండు చుట్లకోసారి పీలుస్తుంది గనుక నిమిషానికి 750 లీటర్లు. సిలిండరు పూర్తిగా నిండదు కాబట్టి 600 లీటర్లే లెక్కకు తీసుకుందాం. అందులో సగం గాలి, సగం గ్యాసు. గ్యాసు నిమిషానికి 300 లీటర్లు, గంటకు 18 ఘనమీటర్లు. దాంతో ఇంజను దాదాపు 5 కిలోవాట్లు ఇస్తుంది, గంటకు ఎనిమిది కిలోల ఎండుకట్టె తింటుంది. ఈ ఇంజనుకు 6 సెంటీమీటర్ల మెడ సరిపోతుంది. దాని వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. 0.3 లెక్కన కనీసం గంటకు ఎనిమిదిన్నర ఘనమీటర్లు లాగాలి. పది అనుకుంటే కాస్త వెసులుబాటు ఉంటుంది.

గంటకు పది ఘనమీటర్లంటే చాలా తక్కువ. బాత్‌రూమ్ ఎగ్జాస్టు ఫ్యాను డబ్బా మీద అంతకు పదింతలు రాసి ఉంటుంది. మరి ఆ ఫ్యాను ఎందుకు పనికిరాదు? అక్కడ రాసింది ఎదురు ఏమీ లేనప్పుడు ఆడే గాలి. గ్యాసిఫయర్‌లో ఆ గాలి కట్టె ముక్కల సందుల్లోంచి, బొగ్గు పొరలోంచి, దాని కింది జల్లెడలోంచి, గ్యాసును చల్లబరిచే కూలరులోంచి, శుభ్రపరిచే ఫిల్టరులోంచి దూరి రావాలి. సీలింగ్ ఫ్యాను గదిలోని గాలినంతా కదుపుతుంది, కానీ సైకిల్ ట్యూబులో గాలి నింపలేదు. సైకిల్ పంపు పిడికెడు గాలినే కదుపుతుంది, కానీ ట్యూబును గట్టిగా నింపుతుంది. మనకు కావలసింది ఈ రెండింటికీ మధ్యది, సీలింగ్ ఫ్యాను కంటే ఎంతో ఎక్కువ ఒత్తిడి ఉన్నది.

ఈ ఒత్తిడిని నీటి మట్టంలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరు నీటి ఎత్తు అంటే దాదాపు 10 పాస్కల్స్. కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన ట్యూబును వంచి, సగం దాకా రంగునీళ్ళు పోసి, పలక మీద బిగించి, ఒక కొసను గ్యాసు గొట్టానికి తగిలిస్తే చాలు. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత ఒత్తిడి. గ్యాసిఫయర్ నడిపే ప్రతివారి దగ్గరా ఇది ఉండి తీరాలని నా అభిప్రాయం. బ్లోయర్ ఎంపికకే కాదు, లోపల బూడిద నిండిందా, ఫిల్టరు మూసుకుపోయిందా అన్నది కూడా రోజూ ఇదే చెబుతుంది.

మన ఒక లీటరు ఇంజను పూర్తి జోరులో లాగేటప్పుడు మొత్తం అడ్డు 100 మిల్లీమీటర్లుందనుకుందాం. ప్రవాహం సగమైతే అడ్డు సగం కంటే బాగా తగ్గుతుంది, దాదాపు నాలుగో వంతుకు దగ్గరవుతుంది. ఫిల్టరులో అంతగా తగ్గదు కనుక మన పది ఘనమీటర్లకు 30 నుంచి 40 మిల్లీమీటర్లు వేసుకుందాం. నిన్నటి బూడిద, తడిసిన బొగ్గు, సగం మూసుకున్న ఫిల్టరు ఇవన్నీ కలిస్తే అది రెట్టింపవుతుంది. అందువల్ల ఎంపికకు మన లెక్క గంటకు 10 ఘనమీటర్లు, 80 మిల్లీమీటర్ల నీటి మట్టం.

ఇప్పుడు అసలు విశేషం. ఈ ప్రవాహాన్ని ఈ ఒత్తిడితో గుణిస్తే వచ్చే శక్తి రెండు వాట్లు మాత్రమే. చిన్న ఫ్యాన్ల సామర్థ్యం అధ్వానంగా ఉంటుంది కాబట్టి మోటారుకు ఇరవై వాట్లిద్దాం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు ఆంపియర్లు కూడా దాటదు. పావుగంట తిప్పినా బ్యాటరీకి చీమ కుట్టినట్టే. ఇరవై వాట్ల పనికి 500 వాట్ల ఫ్యాను కొన్నా, దాని రెక్కలు ఆ ఒత్తిడి తేలేకపోతే గ్యాసు రాదు. వాట్లు మోటారు ఆకలిని చెబుతాయి. ఒత్తిడి తెచ్చేది రెక్కల కొసల వేగం.

రెక్కల చక్రం అంచు ఎంత వేగంగా తిరిగితే ఒత్తిడి ఆ వేగం వర్గానికి తగినట్టు పెరుగుతుంది. నిటారు రెక్కలున్న 150 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు 22 మీటర్లు. గొట్టం పూర్తిగా మూసినా 30 నుంచి 40 మిల్లీమీటర్ల కంటే ఒత్తిడి రాదు. అదే మోటారుకు 250 మిల్లీమీటర్ల చక్రం బిగిస్తే అంచు వేగం 37 మీటర్లవుతుంది, ఒత్తిడి 100 మిల్లీమీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది. 120 మిల్లీమీటర్ల చిన్న చక్రమే 6,000 చుట్లు తిరిగినా ఇంచుమించు అదే ఒత్తిడి. అందుకని షాపులో అడగవలసినవి చక్రం వ్యాసం, చుట్ల సంఖ్య. ఈ రెండూ తెలిస్తే కాగితం మీదే సగం ఫ్యాన్లను పక్కన పెట్టేయవచ్చు.

దొరికేవాటిని వరసగా చూద్దాం. కంప్యూటర్ ఫ్యాను, ఎగ్జాస్టు ఫ్యాను, విమానం పంకా లాంటి రెక్కలున్న ఏ ఫ్యానైనా కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. టిన్ను డబ్బాతో చేసే చిన్న పొయ్యికి సరిపోవచ్చు, ఇంజనుకు వద్దు. కారు ఏసీలో ఉండే, ముందుకు వంగిన సన్నరెక్కల బ్లోయర్ పాత సామాన్ల షాపులో చవకగా దొరుకుతుంది, 12 వోల్టులతోనే నడుస్తుంది. ఫిల్టరు తేలికగా ఉన్న చిన్న గ్యాసిఫయర్‌కు పర్వాలేదు. అయితే దాని చక్రం ప్లాస్టిక్. వేడి తగిలితే వంగిపోతుంది, సన్నరెక్కల మధ్య తారు ఇరుక్కుంటే కడగడం కష్టం.

వాక్యూమ్ క్లీనరు మోటారు ఒత్తిడి విషయంలో మిగతా అన్నిటినీ దాటేస్తుంది. 2,000 మిల్లీమీటర్ల నీటి మట్టం దాకా లాగేవి ఉన్నాయి. అదే చిక్కు. మామూలు రకంలో పీల్చిన గాలే మోటారు లోపలి నుంచి పోతూ దాన్ని చల్లబరుస్తుంది. లోపల కార్బన్ బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు రాలుతుంటాయి. మండే గ్యాసును నిప్పురవ్వల మీదుగా లాగడమంటే పేలుడును పిలవడమే. శుభ్రమైన గాలిని లోపలికి తోయడానికి, రెగ్యులేటరు పెట్టి మెల్లగా తిప్పుతూ వాడుకుంటే సరే. గ్యాసును పీల్చడానికి మాత్రం ఎప్పుడూ వద్దు. ఫ్యాక్టరీల్లో వాడే రింగ్ బ్లోయర్లూ ఒత్తిడి బాగా ఇస్తాయి, కానీ చక్రానికీ డొల్లకూ మధ్య సందు మరీ సన్నం. పలచని తారు పూతకే బిగుసుకుపోతాయి.

ఇన్ని చూశాక నేను మొగ్గేది కమ్మరి కొలిమి బ్లోయర్ వైపే. పోత ఇనుప డొల్ల, నిటారుగా నాలుగో ఆరో దళసరి రెక్కలు, మోటారు బయట. వేడికి వంగదు. నాలుగు బోల్టులు విప్పితే చక్రం చేతికొస్తుంది. చిన్న గరిటెతో తారు గీకేసి మళ్ళీ బిగించవచ్చు. చేత్తో తిప్పే పళ్ళచక్రాల రకమైతే కరెంటు లేని చేలోనూ పనిచేస్తుంది. దీన్ని కొన్నాక చిన్న జాగ్రత్తలు మూడు తీసుకోవాలి. డొల్ల అడుగున నీరు కారడానికి మూత ఉన్న రంధ్రం పెట్టించాలి, ఎందుకంటే చల్లబడిన గ్యాసులోంచి తారునీళ్ళు అక్కడ చేరతాయి. ఇరుసు బయటికొచ్చే చోట వేడికి తట్టుకునే తాడు చుట్టి గ్యాసు కారకుండా బిగించాలి. అల్యూమినియం చక్రమైతే కూలరు తర్వాతే పెట్టాలి. కూలరు తర్వాత పెట్టడానికి మరో కారణమూ ఉంది. వేడి గ్యాసు పలచన. 200 డిగ్రీల గ్యాసు మీద అదే ఫ్యాను తెచ్చే ఒత్తిడి మూడింట రెండొంతులకు పడిపోతుంది.

ఒక చిన్న మాట. ఇలాంటి బ్లోయర్ వ్యతిరేక దిశలో తిరిగినా గాలి అటే పోతుంది, కాకపోతే బాగా తక్కువ. మూడు ఫేజుల మోటారుకు రెండు వైర్లు తారుమారైనా, బ్యాటరీ మోటారుకు ప్లస్సు, మైనస్సు మారినా ఇదే జరుగుతుంది. గాలి వస్తోంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. బ్లోయర్‌లో బలం లేదనిపిస్తే ముందు తిరిగే దిశ చూడండి.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. గ్యాసిఫయర్ ముందు పెట్టి గాలిని లోపలికి తోస్తే ఫ్యానుకు తారు అంటదు, వేడి తగలదు, ఏ చవక ఫ్యానైనా ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ లోపల ఒత్తిడి బయటికంటే ఎక్కువై, మూత సందులోంచి, వెల్డింగు చిల్లులోంచి గ్యాసు బయటికి కారుతుంది. తర్వాత పెట్టి పీలిస్తే కారడానికి బదులు బయటి గాలే లోపలికి వస్తుంది. మనిషికి ఇదే క్షేమం. ఇంజను కూడా పీల్చే పద్ధతిలోనే నడుస్తుంది కాబట్టి స్టార్టింగ్‌లోనూ, నడకలోనూ నిప్పు ఒకే తీరులో ఉంటుంది. అయితే పీల్చేటప్పుడు లోపలికి చొరబడే గాలి గ్యాసుతో కలిసి గొట్టాల్లోనే మండవచ్చు. అందుకే ప్రతి అతుకునూ సబ్బునురగతో పరీక్షించాలి.

ఈ రెండింటి మంచినీ కలిపే మూడో దారి ఒకటుంది, దాన్ని మనవాళ్ళు తక్కువగా వాడుతున్నారు. గ్యాసు బయటికి పోయే మంట గొట్టం లోపల చిన్న ముక్కు లాంటి గొట్టం పెట్టి, దాని గుండా శుభ్రమైన గాలిని జోరుగా ఊదితే, ఆ ధార చుట్టూ ఉన్న గ్యాసును తనతో పాటు లాక్కుపోతుంది. గ్యాసు ఫ్యానును తాకనే తాకదు. ఈ పద్ధతిలో శక్తి చాలా వృథా అవుతుంది నిజమే. కానీ మనకు కావలసిన అసలు పని రెండు వాట్లే అయినప్పుడు పదింతలు వృథా అయినా నష్టమేమీ లేదు. ఒత్తిడి దండిగా ఉన్న ఫ్యాను మాత్రం కావాలి. పైన వద్దన్న వాక్యూమ్ క్లీనరు మోటారు ఇక్కడ చక్కగా కుదురుతుంది, మోటారు గుండా పోయేది శుభ్రమైన గాలే గనుక. గాలి, గ్యాసు కలిసే చోటు కాబట్టి మంట వెనక్కి రాకుండా సన్నని స్టీలు తీగల జాలీని గట్టిగా కుక్కి అడ్డుపెట్టాలి, లేదా గ్యాసు నీళ్ళలోంచి బుడగలుగా వచ్చే ఏర్పాటు చేయాలి.

నడిపే తీరు కూడా ఎంపికలో భాగమే. నిప్పు పెట్టకముందే బ్లోయర్‌ను రెండు నిమిషాలు తిప్పి, నిన్నటి గ్యాసేమైనా మిగిలి ఉంటే బయటికి తోలేయాలి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి, కార్బన్ మోనాక్సైడ్ పన్నెండున్నర శాతం నుంచి మండగలవు. సగం గాలి నిండిన పీపాలో అగ్గిపుల్ల గీయకూడదు. నిప్పు రాజుకున్నాక మొదట తెల్లటి తడిపొగ వస్తుంది, తర్వాత అది పలచబడుతుంది. మంట గొట్టం దగ్గర నిప్పు చూపితే అంటుకుని, నిప్పు తీసేసినా ఆరకుండా మండుతుంటే గ్యాసు వచ్చినట్టు. ఎండలో ఆ మంట కంటికి సరిగా ఆనదు, చెయ్యి పెట్టకండి. అంటుకోగానే ఇంజనుకు మళ్ళించడమూ తొందరపాటే. మంట పక్కనుంచి వచ్చే సన్నని పరీక్షా గొట్టం ముందు తెల్లగుడ్డ ఒక నిమిషం పట్టండి. గోధుమరంగు మరక పడితే బ్లోయర్ ఇంకా తిరగాలి. ఇంజనుకు మళ్ళించాక బ్లోయర్ దారిని వాల్వుతో గట్టిగా మూసేయాలి. లేకపోతే ఇంజను ఆ దారిన ఉత్త గాలి పీలుస్తుంది, గ్యాసు బలం చచ్చిపోతుంది. గ్యాసిఫయర్ మంచిదే, బ్లోయర్ మంచిదే, అయినా ఇంజను అందుకోవడం లేదని బాధపడేవారు ముందు ఈ వాల్వును చూడాలి.

చివరి మాట అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ గ్యాసులో ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన గట్టితనంతో అంటుకుంటుంది. గాలిలో 0.12 శాతం ఉంటేనే ప్రాణాపాయమని లెక్క. అంటే బ్లోయర్ సందులోంచి కారిన గ్యాసు 150 రెట్ల గాలితో కలిసినా ఆ హద్దుకు పైనే ఉంటుంది. స్టార్టింగ్ వేళ మనిషి బ్లోయర్ పక్కనే వంగి నిలబడతాడు. తలనొప్పి, వికారం వచ్చాయంటే అప్పటికే విషం ఎక్కినట్టు. అందుచేత గోడలున్న షెడ్డులో గ్యాసిఫయర్ రాజేయకండి. పైకప్పు మాత్రం ఉన్న పందిరి చాలు. మంట గొట్టాన్ని తల ఎత్తు దాటించండి. ఒంటరిగా పని చేయకండి. బ్లోయర్‌కు డబ్బు తీసే ముందే ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి.